పెరట్లో దొరికిన సీసపు బుల్లెట్ ఏ కాలానిది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర వర్జీనియాలో మెటల్ డిటెక్టర్ పట్టుకు తిరిగే తెలుగువాడు ఒకడున్నాడని తెలిసినప్పటి నుంచి, లౌడన్, ఫెయిర్‌ఫాక్స్, ప్రిన్స్ విలియం కౌంటీల స్నేహితులు టిష్యూ పేపర్లో చుట్టిన తెల్లటి ముద్దలు పట్టుకొస్తున్నారు. ఒకరికి టమాటా మడి తవ్వుతుంటే దొరికింది, ఒకరికి డెక్ స్తంభానికి గుంట తీస్తుంటే. కొందరు సొంతంగా డిటెక్టరే కొనేశారు. అందరూ అడిగేవి ఇంచుమించు ఇవే ప్రశ్నలు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ముందుగా ఒక మాట. ఇక్కడ "బుల్లెట్" అంటే తుపాకి గొట్టంలోంచి ఎగిరి వెళ్ళే సీసపు ముక్క ఒక్కటే. "తూటా" అంటే బుల్లెట్టునీ తుపాకి మందునీ కలిపి కాగితంలోనో ఇత్తడి గొట్టంలోనో పెట్టిన మొత్తం పొట్లం. మామూలు మాటల్లో రెండూ కలిసిపోతాయి గానీ, కాలం తేల్చేటప్పుడు ఈ తేడా పనికొస్తుంది.

నాకు దొరికింది బుల్లెట్టేనా?

సీసమా కాదా చూడండి. చేతిలో పెట్టుకుంటే సైజుకి మించిన బరువు ఉండాలి. అయస్కాంతానికి అంటుకోకూడదు. అంటుకుంటే అది ఇనుము, అప్పుడు ఈ పేజీలో చివరికి వెళ్ళి ఫిరంగి గుండ్ల గురించి చదవండి, అదీ ముందు దాన్ని కదపడం ఆపి. నిలువునా బెజ్జం ఉంటే చేపల గాలానికో వలకో కట్టే సీసపు గుండు అయి ఉంటుంది. చెరువులు, వాగుల దగ్గర ఇవే ఎక్కువ. పక్కన పలుచని రెక్కలాంటి మిగులుతో, ఆకారం లేకుండా ఉంటే కరిగించి పోసినప్పుడు ఒలికిన సీసం. అది కూడా పారేయొద్దు: సైనికుల విడిది దగ్గర అలాంటివి తప్పకుండా ఉంటాయి.

బాగా తెల్లగా, మట్టి పట్టి ఉంది. తోమి శుభ్రం చేయనా?

వద్దు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బ్రాసో ఏదీ వద్దు. ఇత్తడి బిందె కాదది.

ఆ తెలుపు సీసం మట్టిలో ఏళ్ళ తరబడి ఉండగా ఏర్పడిన కార్బనేట్ పొర. వర్జీనియా ఎర్రమట్టిలో ఇనుము ఉంటుంది కాబట్టి గోధుమ, ఎరుపు ఛాయలు కూడా పడతాయి. పాతదనానికి కంటికి కనిపించే సాక్ష్యం అదే. పుల్లటిది ఏది తగిలినా ఆ పొర కరిగి, కింది సీసం బయటపడి మళ్ళీ తినేయడం మొదలవుతుంది. మట్టిని మంచినీళ్ళతో, మెత్తని బ్రష్‌తో వదిలించి ఆరబెట్టండి, చాలు. పొడిగా ఉన్నప్పుడు గీకితే లేచే దుమ్ము విషం. పట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోండి, చంటిపిల్లలకు అందనివ్వొద్దు, వంటింటి గట్టు మీద పెట్టొద్దు. పూజగది అలమరలో దాచినవాళ్ళని కూడా చూశాను, అక్కడా వద్దు.

ఏమేం కొలవాలి?

మూడు కొలతలు చాలు: వ్యాసం, పొడవు, బరువు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో విసుక్కుంటూ పట్టుకున్న వెర్నియర్ కాలిపర్స్ ఇన్నాళ్ళకి పనికొస్తుంది. డిజిటల్‌ది ఇప్పుడు చవకే, ప్లాస్టిక్ దవడలదైతే సీసం మీద గీతలు పడవు. బరువుకి బంగారం తూచేలాంటి చిన్న డిజిటల్ కాటా, గ్రాములో పదో వంతు చూపించేది కావాలి.

అమెరికాలో బుల్లెట్ బరువు గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రెయిన్ 0.0648 గ్రాము, పౌనుకి 7,000 గ్రెయిన్లు. క్యాలిబర్ అంటే గొట్టం లోపలి వ్యాసం, అంగుళంలో నూరో వంతుల లెక్కలో: 58 క్యాలిబర్ అంటే 0.58 అంగుళం, అంటే 14.7 మి.మీ. గొట్టం మూతి నుంచి కూరే పాత పొడవాటి తుపాకుల్లో బుల్లెట్ వ్యాసం గొట్టం వ్యాసం కన్నా కాస్త తక్కువ ఉంటుంది, కాబట్టి కొలత సరిగ్గా సరిపోలేదని కంగారుపడొద్దు.

ఫోటో తీసి వాట్సాప్‌లో పంపేవాళ్ళకి ఒక విన్నపం: పైనుంచి ఒక్క ఫోటో చాలదు. పక్క నుంచి ఒకటి, అడుగు భాగం ఒకటి, పక్కన స్కేలు పెట్టి. బుల్లెట్ పుట్టుపూర్వోత్తరాలు సగం దాని అడుగునే ఉంటాయి.

గోళీలా గుండ్రంగా ఉంది. ఎంత పాతది?

ఇదే అన్నిటికన్నా తేలని ప్రశ్న. గుండ్రటి సీసపు గుండు వందల ఏళ్ళు వాడారు, అచ్చు ఉన్నవాడు ఎవడైనా పొయ్యి మీద పోసుకోగలడు. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. కాబట్టి ఆకారం కాలాన్ని చెప్పదు, వ్యాసం తుపాకిని సూచిస్తుంది, అంతే.

సుమారు 17.5 మి.మీ., 31 గ్రాముల దగ్గర ఉంటే బ్రిటిష్ సైన్యం వాడిన బ్రౌన్ బెస్ మస్కెట్‌ది (మస్కెట్ అంటే గొట్టం లోపల నున్నగా ఉండే పాత పొడవాటి తుపాకి) కావచ్చు. ఆ గొట్టం 19 మి.మీ., గుండు దానికన్నా బాగా చిన్నది. మందు మసి పేరుకున్నా, కాగితం చుట్టి ఉన్నా సులువుగా దిగడానికి ఆ వదులు. 16 నుంచి 16.5 మి.మీ. అయితే ఫ్రెంచి షార్ల్‌విల్ మస్కెట్, దాన్ని చూసి అమెరికన్లు చేసుకున్న 69 క్యాలిబర్ మస్కెట్లు. ఈ రెండో రకం తుపాకులు 1861లో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య అమెరికా అంతర్యుద్ధం (సివిల్ వార్) మొదలైనప్పుడు కూడా చాలామంది సైనికుల చేతుల్లో ఉన్నాయి, అందుకని ఆ యుద్ధభూమి మనాసస్ చుట్టుపక్కల గుండ్రటి గుండు దొరికితే అది 1770ల అమెరికా స్వాతంత్ర్య యుద్ధందని ఎగిరి గంతేయొద్దు. ఒక పెద్ద గుండుతో పాటు 8 మి.మీ. చిన్న గుళ్ళు మూడు కలిపి ఒకే తూటాలో పెట్టేవారు. పెద్దదీ చిన్నవీ ఒకే చోట దొరికితే అదే.

సుమారు 11.5 మి.మీ., 9 గ్రాములు: 44 క్యాలిబర్ రివాల్వర్. 9.6 మి.మీ., 5 గ్రాములు: 36 క్యాలిబర్ రివాల్వర్. రివాల్వర్ గదిలోకి బిగించి నొక్కినప్పుడు గుండు అంచు చెక్కుకుపోతుంది కాబట్టి నడుముకి మొలతాడు కట్టినట్టు చదునైన పట్టీ ఒకటి కనిపిస్తుంది.

అచ్చు రెండు భాగాల మధ్య అతుకు గీత, సీసం పోసిన చోట కత్తిరించిన తొడిమ గుర్తు ఉంటే అది పోతపోసింది. రెండూ లేకపోతే మరమీద నొక్కి చేసి ఉండొచ్చు. ఒక వైపు చిన్న చిన్న చదును ముఖాలుంటే అది చేతి తుపాకిది కాకుండా ఫిరంగి గుండు లోపల కిక్కిరిసి ఉన్న సీసపు గుళ్ళలో ఒకటి కావచ్చు.

గుండు నలిగి అప్పచ్చిలా అయిపోయింది. వ్యాసం ఎలా?

బరువుంది కదా. న్యూజెర్సీలోని మాన్‌మత్ యుద్ధభూమిలో (అక్కడి యుద్ధం 1778లో) దొరికిన గుండ్లను తూచి, కొలిచి, డేనియల్ సివిలిచ్ అనే పరిశోధకుడు ఒక సూత్రం తయారుచేశాడు. ఇప్పుడు యుద్ధభూముల పురావస్తు శాస్త్రంలో అందరూ వాడేది అదే. మిల్లీమీటర్లలోకి మారిస్తే ఇంత: బరువు గ్రాముల్లో తీసుకుని, దాని ఘనమూలాన్ని 5.67తో గుణించండి.

ఉదాహరణకి 25 గ్రాములు. ఘనమూలం 2.924. గుణిస్తే 16.6 మి.మీ. అంటే 69 క్యాలిబర్ మస్కెట్‌కి సరిపోయే గుండు. స్వచ్ఛమైన సీసానికి లెక్క కడితే 5.67 బదులు 5.52 రావాలి. కానీ పొయ్యి మీద పోసిన సీసంలో గాలి బుడగలు, మలినాలు ఉంటాయి, అందుకే అసలు గుండ్లను కొలిచి తీసిన అంకె కాస్త పెద్దది. తగిలినప్పుడు ముక్క ఊడిపోయి ఉంటే మాత్రం ఈ లెక్క పనిచేయదు.

మొన తేలి, అడుగున గుంట, చుట్టూ మూడు గాడులు ఉన్నాయి. ఇదేనా ఆ మినీ బాల్?

ఇదే. వర్జీనియాలో డిటెక్టర్ పట్టినవాళ్ళందరి కల. పేరు చూసి చిన్నదనుకోవద్దు, 32 గ్రాములు తూగుతుంది. "మినీ" అన్నది క్లోద్ ఎతియెన్ మినియే అనే ఫ్రెంచి సైనికాధికారి పేరు అమెరికన్ల నోట్లో పడి అలా అయింది.

దీని వెనక చిక్కు ఇది. గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటే బుల్లెట్ గింగిరాలు తిరుగుతూ నేరుగా దూరం పోతుంది. కానీ ఆ గాడుల్లో బిగుసుకోవాలంటే బుల్లెట్ లావుగా ఉండాలి, లావుగా ఉంటే మూతి నుంచి కూరడం కష్టం. 1840ల చివర్లో మినియే దీనికి దారి చూపించాడు: బుల్లెట్ సన్నగానే చేసి, అడుగున గుంట తీసి, అందులో చిన్న ఇనుప గిన్నె పెట్టాడు. మందు పేలగానే గిన్నె లోపలికి దూసుకుపోయి సీసం అంచుల్ని వెడల్పు చేస్తుంది. హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో పనిచేసిన జేమ్స్ బర్టన్ ఆ గిన్నె కూడా అక్కర్లేదని తేల్చాడు. గుంట అంచుల్ని పలుచగా చేస్తే పేలుడు వాయువులే వాటిని విప్పుతాయి. అమెరికా సైన్యం దీన్ని 1855లో తీసుకుంది. అప్పటి యుద్ధశాఖ మంత్రి జెఫర్సన్ డేవిస్, ఆరేళ్ళ తర్వాత అదే సైన్యంతో పోరాడిన దక్షిణాది రాష్ట్రాల అధ్యక్షుడు. బర్టన్ కూడా చివరికి దక్షిణాది వైపే చేరాడు.

మీ చేతిలోది 14.5 మి.మీ. అటూ ఇటూ ఉండి, మూడు గాడులు, అడుగున శంకువులాంటి గుంట ఉంటే 58 క్యాలిబర్ స్ప్రింగ్‌ఫీల్డ్ లాంటి తుపాకులకు చేసింది. 17 మి.మీ. పైగా, 47 గ్రాముల దాకా ఉంటే పాత 69 క్యాలిబర్ మస్కెట్లకు గాడులు కోసి వాడుకున్న కాలపు పెద్ద తమ్ముడు. గాడుల్లో మైనం, కొవ్వు కలిపి నింపేవారు, గొట్టంలో మసి మెత్తబడాలని.

ఆకారం అదే గానీ గాడులు లేవు, నున్నగా ఉంది. అరిగిపోయిందా?

అరగలేదు. పుట్టుకతోనే నున్నన. ఇది ఇంగ్లండు ఎన్‌ఫీల్డ్ తుపాకి బుల్లెట్ కావచ్చు, దీని చుట్టాలు మనకు బాగా తెలుసు. స్కూల్లో 1857 తిరుగుబాటు పాఠంలో "ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు" అని బట్టీ పట్టాం కదా, ఆ తూటా లోపల ఉన్నది ఈ బుల్లెట్టే.

గాడులు ఎందుకు లేవన్నదానికీ ఆ కొవ్వుకీ సంబంధం ఉంది. అమెరికా పద్ధతిలో సైనికుడు కాగితం చింపి, మందు పోసి, బుల్లెట్టుని కాగితంలోంచి తీసి ఒట్టి సీసాన్నే గొట్టంలో వేస్తాడు. కాబట్టి కొవ్వు బుల్లెట్ గాడుల్లో ఉండాలి. ఇంగ్లండు పద్ధతిలో బుల్లెట్ కాగితం చొక్కాతోనే గొట్టంలోకి దిగుతుంది. కొవ్వు ఆ కాగితానికి బయట పూస్తారు. బుల్లెట్టుకి గాడులతో పనిలేదు. కాగితం రెండో కొస పంటితో కొరికి మందు పోయాలి, సిపాయిల గొడవ అక్కడే మొదలైంది. మీరట్‌లో తూటాలు ముట్టనన్నవాళ్ళకి సంకెళ్ళు వేసిన నాలుగేళ్ళకి, అదే ఎన్‌ఫీల్డ్ నమూనా తుపాకులు లక్షల లెక్కన అట్లాంటిక్ దాటి ఉత్తరాదికీ దక్షిణాదికీ చేరాయి. ఒక వర్జీనియా పెరట్లో దొరికిన నున్నటి బుల్లెట్ తీసి చూపించి ఈ సంగతి చెబితే, చరిత్ర అంటే ఆవలించే మా అబ్బాయి కూడా దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

గుర్తుపట్టేది అడుగు చూసి. గుంట అంచులు సమానంగా విప్పుకోవడానికి అందులో చెక్క బిరడా, తర్వాత కాలంలో కాల్చిన మట్టి బిరడా పెట్టారు. చెక్క మట్టిలో కుళ్ళిపోయి గుంట ఒక్కటే మిగులుతుంది. ఎర్రటి మట్టి బిరడా ఉంటే అప్పుడప్పుడూ నిలుస్తుంది, మట్టే కదా అని పుల్లతో గోకేయకండి. మొదట్లో వ్యాసం 14.4 మి.మీ. ఉండేది, మసి పట్టిన గొట్టంలో కష్టంగా దిగుతోందని 14 మి.మీ.కి తగ్గించారు.

ఉత్తరాదిదో దక్షిణాదిదో చెప్పొచ్చా?

కొన్ని రకాలకు చెప్పొచ్చు. చాలావాటికి చెప్పలేం, ఎందుకంటే రెండువైపులా ఒకే తుపాకులు, ఒకరి దగ్గర ఒకరు దోచుకున్న తూటాలు.

గార్డ్‌నర్ బుల్లెట్ దక్షిణాదిదే. నార్త్ కరోలినా వాడు ఫ్రెడరిక్ గార్డ్‌నర్ 1861 ఆగస్టులో పేటెంట్ తీసుకున్నాడు. దారంతో కట్టే పని లేకుండా కాగితం గొట్టాన్ని బుల్లెట్ అడుగు అంచులోకే నొక్కేసే ఏర్పాటు. రెండే గాడులు, కింది అంచు నలిపినట్టు బయటికి వచ్చి ఉంటుంది. రిచ్‌మండ్‌లో ఇవి విపరీతంగా చేశారు. అక్కడి బ్రౌన్స్ ఐలండ్ తూటాల కార్ఖానాలో 1863 మార్చి 13న పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది పనికొచ్చిన ఆడపిల్లలు. గార్డ్‌నర్ బుల్లెట్ చేతిలోకి వచ్చిన ప్రతిసారీ నాకు యుద్ధభూమికన్నా ముందు ఆ కార్ఖానా గుర్తొస్తుంది.

అడుగున జింకు బిళ్ళ, లేదా బిళ్ళ ఊడి మధ్యలో పుల్లలాంటి మొలక ఉంటే విలియమ్స్ బుల్లెట్. పేలినప్పుడు బిళ్ళ చదునై గొట్టంలోని మసిని గీకుతూ పోతుంది. ఉత్తరాది సైన్యం పది తూటాల కట్టలో ఇలాంటివి కొన్ని కలిపి ఇచ్చింది. ఇవి 1862కి ముందువి కావు.

అడుగున చిన్న ఉంగరంలాంటి తోక ఉన్న 52 క్యాలిబర్ బుల్లెట్ షార్ప్స్ కార్బైన్ అనే పొట్టి తుపాకిది, అంటే అశ్వికదళం. ఆల్డీ, మిడిల్‌బర్గ్, అప్పర్‌విల్ దారిలో 1863 జూన్‌లో జరిగినవి గుర్రపు రౌతుల పోరాటాలు, అక్కడ ఇవి దొరకడంలో వింత లేదు.

ఇది పేల్చిందా, చేజారిందా?

నలగకుండా, గాడులు చెక్కుచెదరకుండా, అచ్చులోంచి తీసినట్టుంటే చేజారింది. పక్కల మీద నిలువుగా, కొంచెం వాలుగా చదును పట్టీలుంటే గొట్టంలోని మెలిగాడుల ముద్ర, అంటే పేల్చింది. మూడు పట్టీలుంటే స్ప్రింగ్‌ఫీల్డ్ లేదా ఎన్‌ఫీల్డ్.

మొన మీద మర దిగిన బెజ్జం ఉంటే మూడో రకం, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. మందు తడిసి పేలకపోతే పొడవాటి కడ్డీ కొసన మర బిగించి, బుల్లెట్టుని కార్కులా గుచ్చి బయటికి లాగేవారు. 1862 సెప్టెంబరు 1న, ఇప్పుడు ఫెయిర్‌ఫాక్స్‌లో షాపింగ్ సెంటర్లూ టౌన్‌హౌసులూ ఉన్న చోట, ఆక్స్ హిల్ యుద్ధం ఉరుములు మెరుపుల హోరువానలో జరిగింది. రెండు పక్షాల మందూ తడిసింది. ఉత్తరాది జనరల్స్ ఇద్దరు, కియర్నీ, స్టీవెన్స్, ఆ సాయంత్రమే పోయారు.

పంటి గాట్లున్నాయి. ఆపరేషన్‌లో నొప్పి ఓర్చుకోవడానికి సైనికుడు కొరికిందేనా?

అమ్మేవాళ్ళు అలాగే చెబుతారు. ఆ యుద్ధంలో శస్త్రచికిత్సలకు చాలావరకు క్లోరోఫామ్ గానీ ఈథర్ గానీ ఇచ్చారు. పళ్ళ గాట్లు ఎక్కువగా పందులవి: ఓక్ కాయల కోసం నేల తవ్వుతూ నమిలి ఉమ్మేసినవి. సన్నగా, పక్కపక్కనే గీతలుంటే ఎలుక జాతి పని. చాకుతో చెక్కినవి మాత్రం మనుషులవే. చలికాలం విడిదిలో పొద్దుపోని సైనికులు సీసంతో చదరంగం పావులు, గాలం గుళ్ళు చేసుకున్నారు. సెంటర్‌విల్ చుట్టుపక్కల 1861–62 చలికాలమంతా దక్షిణాది సైన్యం అలా విడిది చేసింది.

మినీ బాల్ అంటే 1860లదని ఖాయమేనా?

కాదు. దీన్ని చాలామంది మరిచిపోతారు. పాత తుపాకులతో పోటీలు పెట్టుకునే నార్త్-సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ 1950 నుంచి ఉంది, వించెస్టర్ దగ్గర వాళ్ళ సొంత మైదానం ఉంది, నిజం బుల్లెట్లే పేలుస్తారు. సొంత అచ్చుల్లో ఏళ్ళ తరబడి పోస్తున్నారు. అచ్చు కూడా పాతదే అయితే చూపుకి తేడా తెలియదు. పై పొర పలుచగా, ఇంకా బూడిద రంగు మెరుపు ఉండి, దగ్గర్లో గురికాల్చే మైదానం ఉంటే అనుమానించండి.

గాడులున్నాయి, గుంట ఉంది, కానీ సివిల్ వార్‌ది కాదంటున్నారు. మరేంటి?

నా మొదటి "మినీ బాల్" ఇలాగే నన్ను వెర్రివాణ్ణి చేసింది. మూడు రోజులు అందరికీ చూపించుకుని తిరిగాను. తీరా అది షాట్‌గన్ స్లగ్, అంటే షాట్‌గన్‌లో పేల్చే ఒంటి పెద్ద సీసపు గుండు, జింకల వేటది. అమెరికాలో ఎక్కువమంది పొరబడేది దీని దగ్గరే. కార్ల్ ఫాస్టర్ 1931లో రూపొందించిన ఈ స్లగ్‌కి కూడా అడుగున గుంట ఉంటుంది. కానీ చుట్టూ ఉండేవి అడ్డ గాడులు కావు, వాలుగా దిగే పక్కటెముకలు. వ్యాసం 18 మి.మీ. పైన, బరువు 28 గ్రాములే. అంత లావు మినీ బాల్ అయితే 47 గ్రాములు తూగాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. గాడిలో సన్నటి నిలువు గాట్లు, నాణెం అంచులా ఉంటే అది 1870ల తర్వాతి కార్ఖానా సరుకు. రాగి తొడుగు ఉంటే 1880ల కన్నా పాతది కాదు: స్విట్జర్లాండులో ఎడ్వర్డ్ రూబిన్ తొడుగు బుల్లెట్ చేసింది 1882లో. 5.6 మి.మీ. చిన్న సీసపు మొన అయితే 22 రైఫిల్‌ది, ఉడతల్ని కొట్టేది. ఆ రకం తూటా 1887లో వచ్చింది, ఇప్పటికీ వాల్‌మార్ట్‌లో దొరుకుతుంది. ఇత్తడి గొట్టం కూడా దొరికితే అదృష్టం. అమెరికా సైన్యపు తూటాల కార్ఖానా ఫ్రాంక్‌ఫర్డ్ ఆర్సెనల్ 1877 నుంచి తూటా అడుగున నెల, సంవత్సరం అంకెలే కొట్టింది.

అయితే తేదీ ఎంత కచ్చితంగా చెప్పొచ్చు?

బుల్లెట్ చెప్పేది పుట్టిన తేదీ కాదు, "ఇంతకన్నా ముందు కాదు" అనే హద్దు. విలియమ్స్ రకం 1862కి ముందు లేదు, ఫాస్టర్ స్లగ్ 1931కి ముందు లేదు. వెనక హద్దు బుల్లెట్లో ఉండదు, నేలలో ఉంటుంది. పక్కన ఏం దొరికింది, ఎంత లోతు, ఎన్ని ఉన్నాయి? ఒక్క గార్డ్‌నర్ బుల్లెట్ కన్నా, అదే మడిలో సైనిక గుండీ, గుర్రపు నాడా, ఒలికిన సీసం కలిసి దొరకడం ఎక్కువ చెబుతుంది. అందుకే తీసిన చోటు ఫోన్ మ్యాప్‌లో గుర్తుపెట్టుకుని, ఒక్కోదాన్నీ ఒక్కో జిప్ కవర్లో తేదీ రాసి వేయండి. అన్నీ కలిపి హార్లిక్స్ సీసాలో పోస్తే అవి ఒట్టి సీసం.

మా ఇంటి దగ్గర యుద్ధమేమీ జరగలేదే. బుల్లెట్ ఎలా వచ్చింది?

సైన్యాలు పోరాడింది కొన్ని రోజులే. నడిచింది, విడిది చేసింది, కాపలా కాసింది నెలల తరబడి. కాపలా వాళ్ళు తడిసిన తుపాకీని ఏ గట్టులోకో పేల్చి ఖాళీ చేసుకునేవారు. ఇంకో సంగతి: సబ్‌డివిజన్ కట్టేటప్పుడు బిల్డర్ మట్టి ఎక్కడి నుంచో తెచ్చి పోస్తాడు. ఆ మట్టితో వచ్చిన బుల్లెట్ మీ ఇంటి చరిత్ర కాదు, ఇంకెవరిదో.

ఎక్కడపడితే అక్కడ వెతకొచ్చా?

మనాసస్ లాంటి నేషనల్ పార్క్ యుద్ధభూమిలో తవ్వడం మాట అటుంచి, మెటల్ డిటెక్టర్ చేతపట్టుకు తిరగడమే నేరం. సమాఖ్య భూముల్లో పురావస్తువులు తీస్తే 1979 నాటి చట్టం కింద జరిమానా, జైలు రెండూ ఉన్నాయి. వీసా మీద, గ్రీన్ కార్డు వరసలో ఉన్నవాళ్ళం ఒక సీసం ముక్క కోసం సమాఖ్య కేసు తెచ్చుకోవడం తెలివైన పని కాదు. సొంత స్థలం, లేదా యజమాని అనుమతి ఉన్న ప్రైవేటు స్థలం మేలు. ఇంటి వెనక కామన్ ఏరియా హెచ్ఓఏది (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానిది), మీది కాదు. కౌంటీ పార్కుల నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, అడిగే వెళ్ళండి.

మన ఊళ్ళో, ఆంధ్రలోనో తెలంగాణలోనో దొరికితే?

బొబ్బిలి యుద్ధం 1757, చందుర్తి 1758, మచిలీపట్నం కోట ముట్టడి 1759, పద్మనాభం 1794. ఇవన్నీ గుండ్రటి గుండ్ల కాలంవే. ఇంగ్లీషు గుండుకీ ఫ్రెంచి గుండుకీ మధ్య ఉన్న మిల్లీమీటరు తేడా ఇక్కడ కూడా లెక్కే. మొన తేలిన బోలు బుల్లెట్ అక్కడ దొరికితే అది ఆ యుద్ధాలది కాదు, 1850ల తర్వాతిది. గుండ్రటిదైనా జాగ్రత్త: నాటు తుపాకులతో వేటాడేవాళ్ళు మన దగ్గర మొన్నమొన్నటిదాకా సొంతంగా సీసపు గుండ్లు పోసుకున్నారు. తాతగారి కాలపు అడవిపంది వేటని బొబ్బిలి మీదికి వచ్చిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఖాతాలో వేయొద్దు.

చట్టం కూడా అక్కడ వేరు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల వస్తువు గురించి కలెక్టరుకి తెలియజేయాలి. రక్షిత కట్టడాల దగ్గర తవ్వకం కుదరదు. వందేళ్ళు దాటిన పురావస్తువుల్ని దేశం బయటికి తేవడం 1972 చట్టం కింద నేరం.

ఇక్కడ దొరికింది ఇండియాకి తీసుకెళ్ళి నాన్నగారికి చూపించొచ్చా?

ఫోటో పంపండి. బ్యాగులో బుల్లెట్ ఆకారం స్కానర్‌లో కనిపిస్తే అది 1862దా నిన్నటిదా అని ఎవరూ వెర్నియర్ పట్టుకుని కొలవరు. మన విమానాశ్రయాల్లో బ్యాగులో మరిచిపోయిన ఒక్క తూటాకి పోలీసు కేసులయ్యాయి. పెళ్ళికి వెళ్తూ ఆ తలనొప్పి దేనికి.

ఇనుప గుండు, కొబ్బరికాయంత ఉంది. ఏం చేయాలి?

వదిలేసి దూరంగా వచ్చి 911కి ఫోన్ చేయండి. లోపల మందు ఉన్న ఫిరంగి గుండు అయి ఉండొచ్చు, నూటయాభై ఏళ్ళు దాటినా ఆ మందు పేలుతుంది. 2008లో రిచ్‌మండ్ దగ్గరి చెస్టర్‌లో, ఎన్నో ఏళ్ళ అనుభవం ఉన్న సేకర్త ఒకాయన అలాంటి గుండు శుభ్రం చేస్తుండగా ఇంటి ముంగిట్లోనే చనిపోయాడు.

ఎంతకి అమ్ముడుపోతుంది?

చేజారిన మామూలు మూడు గాడుల బుల్లెట్టుకి కొద్ది డాలర్లు. పేల్చి నలిగినదానికి అదీ రాదు. అరుదైన రకాలకు, ఎక్కడ దొరికిందో కాగితం ఉన్నవాటికి ఎక్కువ. మా ఆవిడ లెక్క ప్రకారం నేను ఇప్పటిదాకా తీసిన సీసమంతా అమ్మినా డిటెక్టర్ బ్యాటరీ ఖర్చు రాదు.